రీడింగుల పిల్ల

"నువ్వు ఫిజిక్స్ చదివి ఏం ఊడబొడిచావని దాన్ని కూడా అందులోకి తోస్తున్నావ్?"

ఈ మాట అన్నప్పుడు మొగుడు అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. పెళ్ళాం వంటింట్లో జిడ్డు పట్టిన మూకుడు తోముతోంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె కూడా ఓ మాట అనేది. బుగ్గలోకి నాలుక పొడిచి, నురగ మీద బ్లేడు లాగుతూ, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత తేలిగ్గా అన్నాడు. అని, మెచ్చుకోలు కోసం తల్లి వైపు చూశాడు.

అత్తగారు హాల్లో కుర్చీలో కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంది. "బయాలజీ అయితే హాయిగా బొమ్మలేసుకుంటుంది. మన బుల్లెమ్మకి బొమ్మలు బాగా వచ్చు. పురుగు బొమ్మ వేసినా ముద్దొస్తుంది," అంది.

"అదీ మాట!" అన్నాడు కొడుకు.

పంతులమ్మ పీచుకి ఇంకాస్త సబ్బు రాసింది. ఆ ఇంట్లో ఆమెని అలాగే పిలుస్తారు. పెళ్ళైన కొత్తలో వేళాకోళానికి పెట్టిన పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు పాలవాడు కూడా "పంతులమ్మగారూ" అనే తలుపు కొడతాడు. హైస్కూల్లో ఆమె ఫిజిక్స్ చెబుతుంది. బుల్లెమ్మ ఆమె ఒక్కతే కూతురు, అదే స్కూల్లో టెన్త్. రేపటిలోగా టెన్త్ పిల్లలందరూ ప్లస్‌టూలో ఏ గ్రూపో చెప్పెయ్యాలి. ఫిజిక్సూ లెక్కలూ ఒక గ్రూపు, బయాలజీ ఒక గ్రూపు. ఒకసారి చెబితే చెప్పినట్టే. తరవాత ఎంత మొత్తుకున్నా మారదు.

ఏం ఊడబొడిచింది? మూకుడు అంచు చుట్టూ పీచు తిప్పుతూ ఆమె లోపల్లోపల జవాబు చెప్పుకుంటూ పోయింది. ఆమె జవాబులన్నీ లోపలే. ఈ మనిషి కరెంటాఫీసులో గుమాస్తా. ఇంట్లో ఫ్యూజు పోతే మంచం మీద నుంచి కదలకుండా "పంతులమ్మా, నీ సబ్జెక్టు వచ్చింది" అని కేకేస్తాడు. స్టూలెక్కేది ఆమె. ఇస్త్రీపెట్టె విప్పి బిగించేది ఆమె. అత్తగారి చెవిమిషను గీ పెడితే సరిచేసేది ఆమె. బావగారి కొడుక్కి లెక్కలు రావని ఊరందరికీ తెలుసు. అయినా వాణ్ణి ఫిజిక్స్ గ్రూపులో వేశారు. మగపిల్లాడు, ఇంకేం చదువుతాడన్నారు. వాడు ఏం ఊడబొడుస్తాడని ఎవరూ అడగలేదు. రెండేళ్ళ పాటు సాయంత్రమయ్యేసరికి వాడొచ్చి వంటింటి గడప మీద కూర్చునేవాడు. ఆమె ఒక చేత్తో గరిటె తిప్పుతూ రెండో చేత్తో వాడి పుస్తకంలో లెక్కలు చేసిపెట్టేది. వాడు గట్టెక్కాడు. "మా వంశంలోనే ఫిజిక్స్ ఉంది" అన్నాడు బావగారు, నలుగురిలో, మీసం దువ్వుకుంటూ. ఆ వంశంలోకి ఆ ఫిజిక్స్ ఏ ఇంటి నుంచి వచ్చిందో ఎవరూ గుర్తు చేసుకోలేదు. ఆమె అప్పుడు అందరికీ మంచినీళ్ళు అందిస్తోంది.

పెళ్ళి మాటలప్పుడే మామగారు తేల్చేశాడు. "అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్సా? మంచిదేనండీ. పుట్టబోయే పిల్లలకి ట్యూషను ఖర్చు మిగులుతుంది." అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఆమె తండ్రి నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు. ఆయన పోయి చాలా కాలమైంది, అయినా సరే. తరవాత ఊరవతల కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. తెల్లారగానే బస్సు ఎక్కాలి. మొగుడు వద్దనలేదు. "మరి నా టిఫినో?" అన్నాడు. అంతే. ఆయన జన్మలో దేన్నీ వద్దనలేదు. ఒక ప్రశ్న వేసి పేపరు తిరగేస్తాడు. జవాబు ఆమే వెతుక్కుని, ఆమే రాసుకుని, ఆమే మార్కులేసుకోవాలి. ఆ ఉద్యోగం వదిలేసి ఇంటికి దగ్గర్లో ఉన్న స్కూల్లో చేరింది. అప్పట్నుంచి ఆయన స్నేహితులకి చెబుతుంటాడు: "మా ఆవిడకి నేను దేనికీ అడ్డు పెట్టలేదండీ. ఉద్యోగం చేసుకుంటోంది, చూశారుగా."

అవన్నీ వదిలేసింది. ఒక్కొక్కటే వదిలేస్తూ వచ్చింది. కూతురి చదువు మాత్రం వదలదల్చుకోలేదు. దీని కోసం నోరు పడిపోయేదాకా పోట్లాడాల్సి వచ్చినా సరే. మూకుడు బోర్లించి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, స్కూలుకి బయల్దేరింది.

స్కూల్లో ఫిజిక్స్ ల్యాబు పై అంతస్తులో చివరి గది. పొడుగాటి నల్లబల్లలు, వాటి మీద గీతలు, కాలిన మచ్చలు. గోడకి ఆనించి అద్దాల బీరువాలు. బీరువాల్లో అమ్మీటర్లు, స్క్రూగేజీలు, లోలకం గుండ్లు, తుప్పు పట్టకుండా ఆమె నూనె రాసిన స్ప్రింగులు. ఈ గది పెద్దసారుది. పెద్దసారంటే ఫిజిక్స్ హెడ్డు. చదువులో ఆమె కంటే తక్కువ, కుర్చీలో ఎక్కువ. ఎవరైనా పెద్దవాళ్ళు ల్యాబు చూడ్డానికి వస్తే "మేడమ్ ఉన్నారు కాబట్టి మన ల్యాబులో దుమ్ము కనపడదండీ" అని పరిచయం చేస్తాడు. అది పొగడ్తే అనుకుంటాడు పాపం. ఆ పెద్దవాళ్ళు కూర్చోగానే టీ సంగతి కూడా మేడమే చూసుకోవాలి.

ఆ ల్యాబులో ఒక పద్ధతి ఉంది. బల్లకి నలుగురు. ముగ్గురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. వాళ్ళు చేస్తారు, ఈ పిల్ల రాస్తుంది. ఆ పిల్లని రీడింగుల పిల్ల అంటారు. ఎవరు మొదలెట్టారో తెలీదు గానీ పంతులమ్మ చదువుకున్న రోజుల్లోనూ ఈ పద్ధతి ఉండేది. పెద్దసారుకి దాని మీద గట్టి నమ్మకం. "ఆడపిల్లల రాత ముత్యాల్లా ఉంటుంది మేడమ్. ఈ మగవెధవల రాత కోడి కెలికినట్టుంటుంది. ఎవరికి వచ్చింది వాళ్ళు చేస్తే రికార్డు అందంగా వస్తుంది." రికార్డులు నిజంగానే అందంగా వచ్చేవి. పోయినసారి ఇన్‌స్పెక్షనుకి వచ్చినాయన బీరువాల దగ్గరికి కూడా పోలేదు. రికార్డులు తిరగేసి, "ఈ స్కూలుని చూసి మిగతావాళ్ళు నేర్చుకోవాలి" అన్నాడు. పిల్లల్ని బల్లలకి సర్దేది పంతులమ్మే. ఆ మెచ్చుకోలు తనకే అనుకుని ఆ రోజు ఇంటికి కాస్త తలెత్తుకుని వెళ్ళింది.

ఇప్పుడు గ్రూపుల రోజులు కాబట్టి స్టాఫ్‌రూములో తల్లిదండ్రుల సందడి. ఒక టైలరు తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మెడలో టేపు తీయడం కూడా మర్చిపోయాడు. పిల్ల టెన్త్. లెక్కల్లో మంచి మార్కులే.

"ఏ గ్రూపు ఇప్పించమంటారు సార్?" అన్నాడు.

పెద్దసారు కళ్ళజోడు తీశాడు. సలహా చెప్పేటప్పుడు తీస్తాడు. "చూడండీ, మార్కులు వేరు, చెయ్యడం వేరు. ఆడపిల్లలకి వైర్లంటే భయం. నేను మొదట్నుంచీ చూస్తున్నాను కదా. ల్యాబులో ముట్టుకోమన్నా ముట్టుకోరు. వాళ్ళ తప్పు కాదు, స్వభావం. బయాలజీలో వేసెయ్యండి, ప్రశాంతంగా ఉంటుంది." తరవాత పంతులమ్మ వైపు తిరిగాడు. "ఏం మేడమ్, అంతేనా?"

టైలరు కూతురు నేల వైపు చూస్తోంది. పంతులమ్మకి ఒళ్ళు మండింది. పొద్దున మింగిన మాట గొంతులోనే ఉంది. "మా అమ్మాయి ఫిజిక్సే తీసుకుంటుంది సార్," అంది.

"మీ అమ్మాయి సంగతి వేరమ్మా! ఇంట్లోనే మేష్టరుంటే ఇంకేం?" అని పెద్దసారు నవ్వాడు. టైలరూ నవ్వాడు. బరువు దించుకున్నవాడిలా కూతురి భుజం తట్టి బయటికి తీసుకెళ్ళాడు. పంతులమ్మ తన పిల్ల గురించి చెప్పింది. ఎదురుగా నిలబడ్డ పిల్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అప్పుడు ఆమెకి ఆ తేడా తట్టలేదు. తట్టే తీరిక లేదు. ఆమె ఆలోచనంతా సాయంత్రం ఇంట్లో జరగబోయే యుద్ధం మీదే ఉంది.

యుద్ధం అన్నం ముందు మొదలైంది.

"బుల్లెమ్మ ఫిజిక్స్ గ్రూపే," అంది వడ్డిస్తూ.

"నేను వద్దన్నానా?"

"ఏం ఊడబొడిచావని అడిగారు."

"అడిగితే తప్పా?"

"తప్పు కాదు. అడిగారు కాబట్టి జవాబు వినండి." గరిటె గిన్నెలో పెట్టేసింది. "మీ అన్నగారి కొడుకుని ఈ గడప మీద కూర్చోబెట్టి గట్టెక్కించాను. అది మీ వంశం ఖాతాలోకి పోయింది. మీ కరెంటాఫీసు చెయ్యలేని పని ఈ ఇంట్లో స్టూలెక్కి నేను చేస్తున్నాను. కాలేజీలో ఉద్యోగం వస్తే మీ టిఫిను కోసం మానేశాను. మీరు మానెయ్యమనలేదు, నిజమే. ఒక ప్రశ్న వేశారు. నేను ఏదో ఒకటి ఊడబొడిచేలోపు మీరు వేళ్ళతో సహా పెరికేశారు. ఇప్పుడు వట్టి చేతులు చూపించి ఏదీ నువ్వు పండించిందని అడుగుతున్నారు. నన్ను ఇలా చేసి, నన్నే చూపించి, నా పిల్లని ఆపుతారా?"

"తినే మనిషి దగ్గర ఏంటమ్మాయ్ ఆ మాటలు?" అంది అత్తగారు.

"ఆయన తినకుండా, పడుకోకుండా, పేపరు చదవకుండా ఉండే వేళ చెప్పండత్తయ్యా. అప్పుడే అంటాను."

అత్తగారు మజ్జిగ గిన్నె తనవైపు లాక్కుంది. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆమె గొంతు అంత పైకి లేవగలదని ఆయనకి తెలీదు. ఆమెకీ తెలీదు.

"సరేలే," అన్నాడు చివరికి. "నీ ఇష్టం, దాని ఇష్టం. రేపు అక్కడ చదవలేక ఏడిస్తే మాత్రం నా దగ్గరికి రావద్దు."

"రాము."

గెలిచింది. ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి ఒక మాట మీద నిలబడి గెలిచింది. ఆయనకి రెండోసారి అన్నం కావాలో వద్దో అడక్కుండానే వెనక గదిలోకి నడిచింది. బుల్లెమ్మ మంచం మీద ఆరిన బట్టలు కుప్ప పోసుకుని మడతపెడుతోంది.

"నాన్న సరేనన్నారే!"

"దేనికి?"

"ఫిజిక్స్‌కి."

కూతురు దిండు గలీబు మూలలు కలిపి, నిదానంగా మడిచి, పక్కన పెట్టింది. "నేను బయాలజీ ఇస్తున్నానమ్మా."

"పిచ్చిదానా, నాన్న ఒప్పుకున్నారంటుంటే!"

"విన్నాను. వీధి చివరిదాకా వినపడుంటుంది. నాన్న వద్దన్నారని కాదు. నాకే వద్దు."

తల్లి మంచం అంచున కూర్చుంది. "ఎవరన్నా ఏమన్నా అన్నారా? పెద్దసారా?"

"ఎవరూ ఏమీ అనలేదు."

"మరి? క్లాసులో ఫిజిక్స్ మార్కులు నీకే కదే ఎక్కువ!"

"కాగితం మీద వస్తుందమ్మా. చేతికి రాదు."

"అంటే?"

బుల్లెమ్మ తండ్రి చొక్కా తీసి దులిపింది. గొంతులో కోపం లేదు. ఎప్పుడో తేల్చుకుని పక్కన పెట్టేసిన సంగతి చెబుతున్నట్టుంది. "రెండేళ్ళ నుంచి నీ ల్యాబుకొస్తున్నాను. అమ్మీటరు ఎంత బరువుంటుందో నాకు తెలీదు."

తల్లికి వెంటనే అర్థం కాలేదు.

"స్క్రూగేజి తిప్పితే చివర్న టిక్కుటిక్కుమంటుందట కదా. మా బల్ల మీద వాళ్ళు అనుకుంటుంటే విన్నాను. నేను చూడలేదు. నా పని 'ఎంత? ఎంత?' అని అడగడం. వాళ్ళు చెప్పేవాళ్ళు, నేను రాసేదాన్ని. తప్పు చెబితే తప్పే రాసేదాన్ని. తప్పని తెలిసేది కూడా. లెక్క కట్టి చూస్తే తెలిసిపోతుందిగా. చెబితే, 'రాసేదానివి రాయి, నీకెందుకు' అనేవాళ్ళు."

"నాకు చెప్పకూడదుటే?"

"నువ్వక్కడే ఉన్నావు కదమ్మా."

చొక్కా చేతులు రెండూ వెనక్కి మడిచింది. తల్లి ఆ మడత వైపే చూస్తోంది.

"ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టింది నువ్వే. కిటికీ పక్కన వెలుతురుంటుంది, రాత కుదురుతుందన్నావు."

"నా కూతురివని ప్రత్యేకంగా చూస్తే స్కూల్లో ఏమనుకుంటారే..."

"ప్రత్యేకంగా ఏం అడగలేదు. వైరు అడిగాను. ఒకసారి నేను కలపబోతే, 'వాళ్ళని చెయ్యనివ్వు, బెల్లు కొట్టేస్తారు' అని నువ్వే అన్నావు. గుర్తుందా?"

గుర్తు లేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు. అంత మామూలుగా అనేసి ఉంటుంది, ఒక పిల్లని పక్కకి జరగమన్నట్టు. మొగుడు పొద్దున గడ్డం గీసుకుంటూ అన్న మాటని తను గుర్తు చెయ్యకపోతే ఈపాటికి ఆయనా మర్చిపోయేవాడే. అచ్చం అలాగే.

"నేను నేర్పిస్తాను. ఇప్పట్నుంచీ నేనే నేర్పిస్తాను. రోజూ."

"ఎప్పుడు? గిన్నెలయ్యాకా?" అంది బుల్లెమ్మ. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అది ఇంకా బాధగా ఉంది. "ఆ గ్రూపులో రెండేళ్ళూ ల్యాబే. పరీక్షలో ఒక్కదాన్నే నిలబడి చెయ్యాలి. వైరు ఎటు పెట్టాలో తెలీక, అందరూ చూస్తుంటే... నాకొద్దమ్మా. బయాలజీ మేడమ్ అందరి చేతా చేయిస్తుంది. బొద్దింకని నేనే కోశాను. చేతులు రెండు రోజులు కంపు కొట్టాయి. బాగుంది. ఆ ల్యాబులో రీడింగుల పిల్ల ఉండదు. రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను."

మడత పెట్టిన బట్టలు ఎత్తుకుని బీరువా వైపు వెళ్ళింది.

పంతులమ్మ వంటింట్లోకి వచ్చి, ఎంగిలి కంచాల ముందు నిలబడింది. మొగుడు చెయ్యి కడుక్కోవడానికి వచ్చి ఆమె మొహం చూశాడు. వెనక గది మాటలు ఆయన చెవినా పడ్డాయి. "చూశావా! దానికే వద్దట. ఉత్తపుణ్యానికి నా మీద ఎగిరావు," అన్నాడు. సంతోషంగానే అన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. ఆయన మీద కోపం చల్లారలేదు, చల్లారదు కూడా. కానీ ఆయన్ని తిట్టుకోవడం తేలిక. పందొమ్మిదేళ్ళుగా తిట్టుకుంటూనే ఉంది. ఆ తిట్లలో హాయిగా దాక్కుంది. ఇంట్లో ఈయన అడ్డం నిలబడ్డాడని ఈ గుమ్మం దగ్గరే కాపలా కాసింది. ఆ గుమ్మంలో పిల్లకి అడ్డు లేదు. పిల్ల దారి ఆగిపోయింది పై అంతస్తులో, చివరి గదిలో, వెలుతురు బాగా పడే కిటికీ పక్కన. అక్కడ తాళం చెవి ఎప్పుడూ తన నడుము దగ్గరే ఉంది.

తన సంగతి తనకి తెలీదా? డిగ్రీలో ప్రాక్టికల్ పరీక్ష. అప్పటిదాకా ఆమె కూడా రీడింగుల పిల్లే. పొడవాటి చెక్క మీద సాగదీసిన తీగ, పక్కన బ్యాటరీ, వైర్ల కట్ట. సిద్ధాంతం అడిగితే నిద్రలో కూడా చెబుతుంది. వైరు చివర పై తొడుగు ఒలవాలని మాత్రం తెలీదు. ఒలవకుండానే బిగించింది. మీటరు ముల్లు కదల్లేదు. పరీక్ష చెయ్యడానికి వచ్చినాయన, "అమ్మా, వైరు కరవదు. దానికి చీర కట్టి బిగిస్తే కరెంటు ఎలా పోతుంది?" అన్నాడు. వెనక బల్లల మీద నవ్వులు. అందరూ వెళ్ళిపోయాక బాత్రూములో నిలబడి ఏడ్చింది. థియరీ మార్కులతో బతికి బయటపడింది, ఎమ్మెస్సీ కూడా అలాగే గట్టెక్కింది. వైరు ఒలవడం పెళ్ళయ్యాక నేర్చుకుంది, ఈ ఇంట్లో, ఇస్త్రీపెట్టె విప్పి. ఆమెకి దొరికిన ల్యాబు అదే. అంత జరిగినదాన్ని పట్టుకొచ్చి స్ప్రింగులకి నూనె రాయమంటే నూనె రాసింది. ఆడపిల్లల్ని రాయడానికి కూర్చోబెట్టమంటే కూర్చోబెట్టింది. పైగా రికార్డులు అందంగా ఉన్నాయంటే మురిసిపోయింది. ఆడపిల్లలకి వైర్లంటే భయమని పెద్దసారు అన్నప్పుడు ఒళ్ళు మండిందట. ఆ భయాన్ని బల్లకి ఒకటి చొప్పున పెంచింది ఎవరు? తనకి తెలీదన్నది ఒక సాకు. తీరిక లేదన్నది ఇంకో సాకు. ఇంట్లో చాకిరీ నిజమే, స్కూల్లో టీలు నిజమే, అవమానాలు నిజమే. అవన్నీ నిజమైనంత మాత్రాన కిటికీ పక్కన బల్ల అబద్ధం కాదు. తనని తాను క్షమించుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. క్షమించుకుంటే రేపు పొద్దున మళ్ళీ అదే బల్ల సర్దాలి. క్షమించుకోలేదు.

కంచాలు అలాగే వదిలేసి వెళ్ళి పడుకుంది.

పొద్దున బెల్లు కొట్టగానే బుల్లెమ్మ క్లాసు టీచరు దగ్గరికెళ్ళి బయాలజీ అని చెప్పేసింది. వరండాలో తల్లి ఎదురైతే, "ఇచ్చేశానమ్మా" అంది. తల్లి "ఊఁ" అంది. బుల్లెమ్మ క్లాసుకి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

రెండో పీరియడు నైన్త్ క్లాసుకి ల్యాబు. పిల్లలు బిలబిలా వచ్చి అలవాటు ప్రకారం కూర్చున్నారు. బల్లకి ముగ్గురు మగపిల్లలు, చివర ఒక ఆడపిల్ల. ఆడపిల్లలు అప్పుడే గీతలు గీసుకుని, పెన్నులు తీసి సిద్ధంగా ఉన్నారు.

"ఆడపిల్లలు లేవండి," అంది పంతులమ్మ. "పెన్నులు లోపల పెట్టండి. ఈ రెండు బల్లల దగ్గరికి రండి."

"అందరమా టీచర్?"

"అందరూ."

వచ్చారు. బల్ల చుట్టూ ఇరుక్కుని నిలబడ్డారు. ఏం తప్పు చేశామో తెలీని మొహాలు.

"మరి మాకు రీడింగులు ఎవరు రాస్తారు టీచర్?" అని ఒక మగపిల్లాడు లేచాడు.

"నీకు చెయ్యి లేదా?"

"నా రాత నాకే అర్థం కాదు టీచర్."

"అర్థమయ్యేట్టు రాయి. ఇవాళ మొదలెడితే పెళ్ళిలోపు వస్తుంది."

గది ఘొల్లుమంది. పంతులమ్మ నవ్వలేదు. ఆడపిల్లల ముందు బ్యాటరీలు, స్విచ్చీలు, వైర్లు, అమ్మీటర్లు పెట్టింది. ఎలా కలపాలో బోర్డు మీద బొమ్మ గీసి, చేతులు కట్టుకుని నిలబడింది. ఒక పిల్ల వైరుని రెండు వేళ్ళతో, చచ్చిన తొండని ఎత్తినట్టు ఎత్తింది. ఇంకో పిల్ల అమ్మీటరు పైకెత్తి, "అబ్బో, బరువుందే" అంది. ఆ మాటకి పంతులమ్మ గోడ వైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి మొహం మామూలుగా ఉంది.

కలిపారు. తప్పు కలిపారు. స్విచ్చి నొక్కగానే ముల్లు ఎడమ వైపుకి పోయి ఠక్కున కొట్టుకుంది. పిల్లలు కెవ్వుమని చేతులు లాక్కున్నారు. అవతలి బల్లల మీద ఈలలు, కేకలు.

"టీచర్, పేల్చేస్తారు వీళ్ళు!"

"మీ పని మీరు చూసుకోండి," అంది పంతులమ్మ. "ఎక్కడ తప్పో చూసి మళ్ళీ పెట్టండమ్మా."

గొడవ విని పెద్దసారు గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటి మేడమ్, ల్యాబా, సంతా?"

"ల్యాబే సార్."

"మరి వీళ్ళందరూ ఇక్కడేంటి? రాసేదెవరు? వచ్చే నెల ఇన్‌స్పెక్షన్ ఉందని గుర్తుందా? రికార్డులు ఎలా ఉంటాయి?"

"వికారంగా ఉంటాయి."

పెద్దసారు దగ్గరికొచ్చి, కళ్ళజోడు తీసి, గొంతు తగ్గించాడు. "మీరు మీ అమ్మాయి గురించి బెంగ పెట్టుకున్నారని అర్థమైందమ్మా. రేపు గ్రూపులో ల్యాబులు చెయ్యగలదా లేదా అని. నేను పరాయివాణ్ణా? తాళాలు ఎలాగూ మీ దగ్గరే ఉన్నాయి, సాయంత్రం పూట మీ అమ్మాయితో మీ ఇష్టమొచ్చినన్ని ప్రాక్టికల్స్ చేయించుకోండి. నేను చూసీ చూడనట్టుంటాను. ఒక్క పిల్ల కోసం క్లాసంతా ఎందుకు తలకిందులు చెయ్యడం?"

"మా అమ్మాయి బయాలజీ ఇచ్చేసింది సార్. పొద్దున్నే."

పెద్దసారు కళ్ళజోడు చేతిలోనే ఉండిపోయింది. "అయ్యో. నిన్న మీరే కదా... మరి ఇంకెందుకమ్మా ఇదంతా? అయిపోయిందిగా."

"దాని పని అయిపోయింది," అంది పంతులమ్మ. "అది మన ల్యాబులో రెండేళ్ళు చదివిన పిల్ల సార్. ఇంకో పిల్ల ఇక్కడ అలా చదవదు. మీరు హెడ్డు. పైకి రాసుకుంటే రాసుకోండి. బల్లలు మాత్రం ఇకనుంచి ఇలాగే ఉంటాయి."

ఈ మాట గట్టిగా అనలేదు. నిన్న ఇంట్లో లేచిన గొంతు ఇవాళ లేవలేదు. పెద్దసారు ఇంకేదో అనబోయాడు. ఆమె అప్పటికే అటు తిరిగింది. బల్ల దగ్గర వైరు ఎత్తిన పిల్ల, వైరు కొస పట్టుకుని ఆమె వైపే చూస్తోంది.

"ఇది ఎటు పెట్టాలి టీచర్?"

పంతులమ్మ చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. బెల్లుకి ఎంతో టైము లేదు. తను కలిపేస్తే అరనిమిషం పని. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నువ్వే చూడు."

"తప్పు పెడితే కాలిపోతుందేమో టీచర్."

"కాలిపోనీ," అంది. "నీ చేత్తోనే కాలనీ."